గుర్రాల సంగతి తెలిసినవాళ్ళు

గుర్రం మీద తిరిగిన ఏళ్ళలో గుర్రంతో నేను పెద్దగా ఇబ్బంది పడింది లేదు. ఇబ్బందంతా గుర్రాల సంగతి తెలిసినవాళ్ళతోనే. మా తట్టు గుర్రమున్న ఇల్లు ఎక్కడో ఒకటి ఉండేది. గుర్రాల సంగతి తెలిసిన మగవాళ్ళు మాత్రం వాన పడినా పడకపోయినా ప్రతి ఊళ్ళోనూ పండేవాళ్ళు.

యాభైల చివర్లో నేను ముదిగుబ్బ చుట్టుపక్కల పల్లెల్లో కాన్పులు చేసే నర్సుని. నన్ను పంపిన మిషన్ ఆసుపత్రి పట్నంలో ఉండేది. నేను పల్లెల నడుమ ఒక ఊళ్ళో గది తీసుకుని ఉంటూ, కడుపుతో ఉన్నవాళ్ళను చూసి వచ్చేదాన్ని. బస్సు పెద్దరోడ్డు మీదే పోయేది, నాకు పనిబడిన ఊళ్ళు ఒక్కటీ పెద్దరోడ్డు మీద ఉండేవి కావు. ఆసుపత్రి జట్కాకు కట్టే ఎర్ర ఆడగుర్రం ఒకటి ఉండేది. వ్యాను వచ్చాక దానికి పని లేకుండా పోయింది. నాకేమో పని ఎక్కువై కాళ్ళు పీకేవి. డాక్టరమ్మ మా ఇద్దరినీ కలిపింది. అప్పటి నుంచి నేను చీర కింద పైజామా తొడుక్కుని, మందులపెట్టె జీనుకు కట్టుకుని తిరిగాను.

సవారీ నేర్పింది ఆసుపత్రి జట్కా తోలిన ముసలి సాయిబు. మంచి మనిషి, కానీ ఆయన దగ్గర ఉన్నది ఒక్కటే మాట. "గుర్రం తప్పు ఎప్పుడూ ఉండదు బేటీ, ఎక్కినోళ్ళ తప్పే ఉంటాది" అనేవాడు. అది తల తిప్పి నా భుజం కొరికితే నా తప్పు. మేతకు వేసిన చెనిక్కట్టె వామి కనబడగానే నన్ను మోసుకుని అటు పరిగెత్తితే నా తప్పు. ఒకనాడు ఆయన కాలే తొక్కింది. ఇప్పుడు ఎవరి తప్పు అని అడిగాను. కాలు రెండు చేతుల్తో పట్టుకుని ఎగురుతూ, "నువ్వు ఆడ నిలబడి దాన్ని గాబరా పెట్టినావు" అన్నాడు.

ఆ తర్వాత విన్న మాటలకు ఇది నాంది మాత్రమే. సొంత గుర్రం ఉన్న ప్రతివాడూ దాని గురించి "ఏమీ చేయదు" అంటాడు. చెవులు వెనక్కి పెట్టి, కంటి తెల్లగుడ్డు చూపిస్తున్న గుర్రం పక్కన నిలబడి అంటాడు. ఆ అనేవాడి చేతికి గుడ్డ కట్టు ఉంటుంది. కట్టేమిటి అని అడిగితే, "ఇది వేరే లే" అంటాడు. నన్ను చూసిన ప్రతివాడికీ ఇంకో అనుమానం. "ఇంకా పడలేదా నర్సమ్మా? పడకుండా సవారీ యాడొస్తాది?" అని అడుగుతారు. సరే, ఒక రోజు పడ్డాను, ముంజేయి దోక్కుపోయింది. అదే మనుషులు, "పట్టు సరిగా పట్టినట్టు లేదు నువ్వు" అన్నారు. పడకపోతే రానట్టు, పడితే చేతకానట్టు. ఇక గుర్రం మీద ఎక్కడ కూర్చుంటే వీళ్ళకు నచ్చుతుందో నాకు అర్థం కాలేదు.

అన్నిటికంటే నాకు ఒళ్ళు మండేది పళ్ళు చూడటం. లోపల ఆడమనిషికి కాళ్ళు వాచి, కళ్ళు బైర్లు కమ్ముతున్నాయని కబురు పెట్టినవాళ్ళే, నేను దిగగానే ముందు గుర్రం మూతి పట్టుకుని పెదవి పైకెత్తేవాళ్ళు. "ఎంత వయసుంటాది? ఏడా, ఎనిమిదా?" అని వాళ్ళలో వాళ్ళకు వాదన. దాన్ని అమ్ముతానని నేను అనలేదు, కొంటామని వాళ్ళూ అనలేదు. గుర్రం కనబడితే నోరు తెరిచి చూడాలి, అంతే. లోపల ఉన్నామె నాలుక పాలిపోయి ఉందా లేదా అని ఒక్కడు చూసిన పాపాన పోలేదు.

ఇవన్నీ భరించాను. సుడుల గోల మాత్రం భరించలేకపోయాను.

గుర్రం ఒంటి మీద వెంట్రుకలు అక్కడక్కడ గుండ్రంగా తిరిగి ఉంటాయి, మన నడినెత్తిన ఉన్నట్టే. ఆ సుడి ఎక్కడుంటే ఏం ఫలమో చెప్పే మనుషులు ఉన్నారు. ఎదురొమ్ము మీద ఉంటే సిరి, వీపు మీద ఉంటే ఇంకేదో. నా గుర్రానికి ఎడమ కంటి కింద ఒక చిన్న సుడి ఉండేది. అది కన్నీటి సుడి అట. అటువంటి గుర్రం ఏ గడప తొక్కితే ఆ ఇంట్లో ఏడుపు తప్పదట. ఆసుపత్రిలో అన్నేళ్ళు జట్కా లాగినప్పుడు దాని కంటి కిందికి ఎవరూ చూడలేదు. జట్కా గుర్రాన్ని ఎవరు చూస్తారు? జీను వేసి ఎక్కేసరికి అందరికీ దాని జాతకం కావలసి వచ్చింది.

నేను తిరిగే ఊళ్ళలో అన్నిటికంటే దూరంగా ఉన్న పల్లెలో ఒక పెద్దాయన ఉండేవాడు. ఆ ఊరికి ఆయన మాటే మాట. ఆయనకొక తెల్ల గుర్రం. దాని ఒంటి మీద చెడ్డ సుడి ఒక్కటీ లేదు, చేసే పని కూడా ఒక్కటీ లేదు. సాయంత్రం పూట ఆయనను ఎక్కించుకుని చెరువుకట్ట దాకా పోయి రావడమే దాని ఉద్యోగం. చెరువులో నీళ్ళు లేని ఏడు కూడా పోయి వచ్చేది. ఆ ఇంటి కోడలికి తొలిచూలు. అయిదో నెలలో నన్ను పిలిపించారు.

మొదటిసారి వెళ్ళినప్పుడు ఆయనే వాకిట్లోకి వచ్చాడు. అలవాటు ప్రకారం పెదవి ఎత్తాడు, పళ్ళు చూశాడు, మెడ నిమిరాడు. చేయి కంటి దగ్గరికి రాగానే ఆగిపోయింది. వేలితో ఆ వెంట్రుకలు విడదీసి చూసి, చేయి వెనక్కి తీసుకుని, భుజం మీది టవలుకు తుడుచుకున్నాడు.

"నర్సమ్మా, నువ్వు రా. ఇది వద్దు. ఊరి బయట కానుగచెట్టు ఉండాది, ఆడ కట్టేసి రా. నా కోడలు కడుపుతో ఉండాది" అన్నాడు.

"కాన్పు చేసేది గుర్రం కాదు పెద్దాయనా, నేను" అన్నాను.

"తెలీకుండా మాట్లాడొద్దు. గుర్రాల సంగతి నాకు తెలుసు."

కానుగచెట్టు దగ్గర కట్టేసి, మందులపెట్టె నెత్తిన పెట్టుకుని, కాళ్ళు కాలుతున్న ఇసుక బాటలో ఊరంతా దాటుకుని వాళ్ళింటికి నడిచాను. అప్పటి నుంచి ప్రతిసారీ అదే నడక. ఊళ్ళోవాళ్ళు అరుగుల మీద కూర్చుని, "గుర్రముండి కూడా నడుస్తాండావేం నర్సమ్మా?" అని అడిగేవాళ్ళు. కారణం తెలిసి కూడా అడిగేవాళ్ళు.

ఆ కోడలు కణేకల్ తట్టు నుంచి వచ్చిన పిల్ల. కాలవ నీళ్ళ ఊరి నుంచి ఈ ఎండు నేలకు వచ్చిపడింది. మాటకు ముందు కొంచెం నవ్వేది. పొట్ట మీద చేయి వేసి చూస్తుంటే అడిగింది. "అక్కా, గుర్రం యాడ?"

"బయట. మీ మామకు దాని కన్ను నచ్చలేదు."

"మా నాయనకు గుర్రముండె. చిన్నప్పుడు నేనూ ఎక్కుతాంటి. ఈడికి వచ్చినాక ఆ తెల్లదాని మూతి కూడా ముట్టలేదు. ఆడోళ్ళు కొట్టం తట్టుకు రాకూడదంట." మళ్ళీ నవ్వి, గొంతు తగ్గించింది. "సుడి మీ గుర్రానికే కాదక్కా, నాకూ చూసినారు. పెండ్లిచూపులకు వచ్చినప్పుడు అత్త జడ విప్పింది, మామ నిలబడి చూసినాడు. నుదుటికాడ సుడి ఉంటే ఇంటికి చేటంట. నాకు నడినెత్తిన ఉండాది. అందుకే ఒప్పుకున్నారు."

ఆమె తేలిగ్గానే చెప్పింది. పళ్ళు కూడా చూశారా అని అడగబోయి ఊరుకున్నాను. వచ్చేటప్పుడు ఆమె కొంగుముడి విప్పి బెల్లం ముక్క ఒకటి నా చేతిలో పెట్టింది, గుర్రానికి ఇవ్వమని. అది కూడా ప్రతిసారీ మామూలైంది. చూడని గుర్రానికి ఆమె బెల్లం పంపడం, చూడని మనిషి బెల్లం అది నమలడం.

ఆ ఏడు వానలు లేవు. చెనక్కాయ చేలోనే మాడిపోయింది. ఆ పల్లెలో ఎద్దులన్నిటినీ గడ్డి కోసం కాలవ కింది ఊళ్ళకు తోలుకుపోయారు. కోడలి మొగుడు కూడా పశువులతో పాటే పోయాడు. మిగిలిన మగవాళ్ళు కరువు పనిలో రోడ్డుకు కంకర కొట్టేవాళ్ళు, పొద్దుగూకితే గానీ ఇళ్ళకు రారు. అట్లాంటి రోజుల్లో ఒక మిట్టమధ్యాహ్నం వాళ్ళ పనిమనిషి రొప్పుకుంటూ వచ్చింది, నొప్పులు మొదలయ్యాయని.

ఆమెను వెనక ఎక్కించుకుని పోయి, గుర్రాన్ని కానుగచెట్టుకు కట్టి, పెట్టె ఎత్తుకుని పరుగులాంటి నడకతో వెళ్ళాను. పొట్ట మీద చేయి వేయగానే తెలిసింది. తల కిందికి ఉండవలసిన బిడ్డ అడ్డంగా ఉంది. పోయిన వారం సరిగానే ఉంది. రెండుసార్లు తిప్పబోయి చూశాను, తిరగలేదు. ఉమ్మనీరు పోయిందంటే ఇక బిడ్డా దక్కదు, తల్లీ దక్కదు. బయటికి వచ్చి పెద్దాయనకు ఆ మాట ఉన్నదున్నట్టు చెప్పాను. ఆసుపత్రికి పోవాలి, ఇప్పుడే.

కొట్టంలో వాళ్ళ తండ్రుల నాటి జట్కా ఒకటి దుమ్ము కొట్టుకుని ఉంది. చక్రాలు బాగానే ఉన్నాయి. "తెల్లదాన్ని కట్టండి" అన్నాను.

"అది సవారీ గుర్రం. బండి అలవాటు లేదు దానికి. కడితే బండీ ఉండదు, మనిషీ ఉండదు" అన్నాడు పెద్దాయన. అది నిజమే అయి ఉండొచ్చు.

"నాదానికి అలవాటే. జట్కా లాగిన గుర్రమే అది. తెస్తాను."

"వద్దు. ఇన్ని రోజులు రానీలేదు, ఈ పొద్దు రానిస్తానా? ఏడుపును చేయి పట్టుకొని ఇంట్లోకి పిలిచినట్లయితాది."

లోపల కోడలు పెదవి కొరుక్కుని ఆపుకుంటున్న మూలుగు వాకిలి దాకా వినబడుతోంది. "ఏడుపు లోపలే ఉంది పెద్దాయనా, వినబడటం లేదా?" అని అడిగాను. ఆయన గుమ్మం దాకా పోయి వెనక్కి వచ్చాడు. కోడలి మీద ప్రేమ లేక కాదు, ఉండబట్టే ఆ మొండితనం. ఆమె చచ్చిపోతుందేమోనని భయపడుతూ, ఆ భయంతోనే ఆమెను చంపేటట్టున్నాడు. కోపం చూపించడానికి కూడా వీలులేని మనిషి మీద వచ్చే కోపం ఉందే, అది చాలా చెడ్డది.

చివరికి ఉపాయం ఆయనే చెప్పాడు. గుర్రం ఊళ్ళోకి రాకూడదు గాని, బండి ఊరి బయటికి పోవచ్చు కదా. "చెట్టుకాడికి లాక్కొని పోయి ఆడ కడదాం" అన్నాడు.

ఎవరు లాగుతారు? ఊళ్ళో ఉన్నది ఆడవాళ్ళే. జట్కాలో బొంత పరిచి కోడలిని పడుకోబెట్టాం. అత్త, పనిమనిషి, పక్కింటివాళ్ళిద్దరు, నేను బండి నొగలు పట్టుకున్నాం. కొట్టం మీదుగా పోతుంటే తెల్ల గుర్రం తల బయటికి పెట్టి మమ్మల్ని తీరుబడిగా చూసింది. నల్లరేగడి కాదు కాబట్టి సరిపోయింది, ఇసుకలోనే చక్రాలు దిగబడుతున్నాయి. పెద్దాయన పక్కన నడుస్తూ, ఎట్లా లాగాలో చెబుతున్నాడు. "ఎడమ తట్టు మెల్లగా. కుడి తట్టు ముందుకు. తల వంచొద్దు, తల వంచితే దమ్ము పోతాది." అన్నీ గుర్రాలకు చెప్పే మాటలే. ఆయనకు ఆ తేడా తట్టినట్టు లేదు.

అత్త ఆగింది. నేను ఆ ఇంటికి పోయిన అన్ని నెలల్లో ఆమె మొగుడి ముందు గొంతెత్తడం వినలేదు. "ఏమయ్యా, నువ్వూ వచ్చి పట్టు" అంది.

ఆయన వచ్చి పట్టాడు. కానుగచెట్టు దాకా నోరు మూసుకుని లాగాడు. గుర్రాల సంగతి తెలిసిన మనిషి నోరు మూసుకోవడం నా జీవితంలో నేను చూసింది ఆ కాసేపే.

చెట్టు కింద నా గుర్రం ఈగలు తోలుకుంటూ నిలబడి ఉంది. ఎండి పెళుసెక్కిన తోలు పట్టీలను తాళ్ళతో అతికించి, దాన్ని వెనక్కి నడిపి నొగల మధ్య నిలబెట్టాను. ఎన్నో ఏళ్ళ తర్వాత కూడా ఎక్కడ నిలబడాలో దానికి గుర్తుంది. కడుతూ ఉండగా అది మెడ తిప్పి బండిలోకి మూతి చాపింది. కోడలు చెమటతో తడిసిన చేయి బయటికి పెట్టింది. అది ఆ చేయి వాసన చూసి, వేళ్ళ సందుల్లో బెల్లం కోసం వెతికింది.

"ఇదేనా అక్కా?"

"ఇదే."

ఆమె వేళ్ళు మెల్లగా పైకి పోయి ఎడమ కంటి కింద ఆగాయి. "ఎంత మెత్తగా ఉండాదో" అంది. మళ్ళీ నొప్పి వచ్చి కళ్ళు మూసుకుంది.

అత్త కోడలి తల ఒళ్ళో పెట్టుకుంది. నేను పగ్గాలు పట్టాను. ఆయన ఇంటికి పోయి తెల్ల గుర్రమెక్కి వెనకాలే వచ్చాడు. వచ్చాడంటే ఊరికే వచ్చాడా? "పగ్గాలు అంత బిగపట్టొద్దు", "ఎత్తు వచ్చింది, ముందుకు వంగు" అని అరుస్తూనే ఉన్నాడు. ఊరి బయటికి రాగానే నోరు మళ్ళీ వచ్చింది. పెద్దరోడ్డు ఎక్కుతున్నప్పుడు ఎదురుగా లారీ హారను కొట్టింది. నా గుర్రం చెవులు కదిలించి తన దారిన తాను పోయింది. వెనక నుంచి సలహాలు ఆగిపోయాయి. తిరిగి చూడటానికి నాకు తీరిక లేదు.

ఆసుపత్రికి చేరేసరికి పొద్దు వాలుతోంది. డాక్టరమ్మ చేయి వేసి చూసి, వెంటనే లోపలికి తీసుకుపోయింది. ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. ఆడపిల్ల. పుట్టగానే ఏడవలేదు, కాళ్ళు పట్టి తట్టాక ఏడ్చింది. తల్లి బతికింది. ఆ మాట అత్తకు చెప్పి, గోడకు ఆనుకుని నిలబడి బాగా ఏడ్చాను. సుడి ఫలం తప్పలేదన్నమాట, ఏడుపు ఏడుపే కదా.

పెద్దాయన గేటు దగ్గర కనబడ్డాడు. గుర్రాన్ని నడిపించుకుంటూ వస్తున్నాడు. పంచె మోకాలి దగ్గర చిరిగింది, ఒక భుజమంతా దుమ్ము. నోటి దాకా చాలా మాటలు వచ్చాయి, అన్నీ గుర్రాల సంగతి తెలిసినవాళ్ళ దగ్గర నేర్చుకున్నవే. వాటి బదులు తల్లీ బిడ్డా క్షేమమని చెప్పాను. ఆయన రెండు చేతుల్తో మొహం కప్పుకుని మెట్టు మీద కూర్చున్నాడు. అప్పుడు ఆయన మీద జాలి కలిగింది, అబద్ధమెందుకు.

ఆ జాలి మరునాటి దాకా నిలిచింది. మరునాడు ఉదయం ఆయన ఆసుపత్రి వెనక వేపచెట్టు కింద నా గుర్రం ముందు నిలబడి ఉన్నాడు. కంటి కింద వెంట్రుకలు విడదీసి చూస్తున్నాడు.

"చూడు నర్సమ్మా, నేను ఆ పొద్దే అనుకున్నా. ఇది కన్నీటి సుడి కాదు. ఒక వేలు కిందికి ఉండాది. ఈడ ఉంటే శుభమంట."

"ఆ రోజు చేయి టవలుకు తుడుచుకున్నారు కదా."

"దుమ్ముండె" అన్నాడు. ఆ తర్వాత, ఆడగుర్రం చూలు నిలవాలంటే ఏ మాసం మంచిదో, తన తెల్ల గుర్రంతో కలిపితే ఎట్లాంటి పిల్ల పుడుతుందో చెప్పడం మొదలుపెట్టాడు. నేను వినకుండా వార్డులోకి వెళ్ళిపోయాను.

ఆయన నా వెనకే వచ్చాడు. కోడలు ఇంకా లేచి కూర్చోలేని స్థితిలో ఉంది. పక్కన తెల్లగుడ్డలో చుట్టిన బిడ్డ నిద్రపోతోంది. ఆయన వంగి మురిపెంగా చూశాడు. చెంప ముట్టుకున్నాడు. ఇంత నల్లటి జుట్టా అన్నాడు. అంటూనే తలగుడ్డ వెనక్కి తోసి, చూపుడు వేలితో నుదుటి పైన ఆ పసి వెంట్రుకలను విడదీయబోయాడు. వాకిట్లో నా గుర్రం కంటి కింద వెతికిన వేలే. వంగిన తీరు కూడా అదే. నోట్లో పళ్ళు లేవు కాబట్టి పెదవి ఎత్తలేదు, అంతే తేడా.

కోడలు అరచేయి తీసి బిడ్డ నెత్తి మీద పెట్టింది. ఆయన వేలు ఆమె చేతి మీద ఆగిపోయింది.

"వద్దు మామా" అంది.

"ఊరికే చూస్తాండా."

"ఊరికే కూడా వద్దు."

గొంతు పెద్దది చేయలేదు. చేయి మాత్రం తీయలేదు. ఆయన నా వైపు చూశాడు, అత్త వైపు చూశాడు. అత్త కిటికీలోంచి బయటికి చూస్తోంది. ఆయన గుర్రానికి నీళ్ళు పెట్టాలంటూ వెళ్ళిపోయాడు.

ఆయన పోయాక కూడా ఆమె చేయి అక్కడే ఉంది. పాలిచ్చేటప్పుడు ఉంది, నిద్రపోయినప్పుడూ ఉంది. పుట్టిన బిడ్డకు నీళ్ళు పోసింది నేను కాబట్టి, ఆ సుడి ఎక్కడుందో నాకు తెలుసు. ఆమె నన్ను అడగలేదు. నేను ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.